డోరీన్ నెత్తిమీది టర్బో

వార్రాబీ అనే ఊళ్ళో ఒక మనిషి ఎలాంటివాడని అడిగితే ఎవరూ చెప్పరు. అతని ట్రాక్టరు మీద టర్బో, అంటే పొగతో తిరుగుతూ ఇంజనులోకి గాలి కూరే చక్రం, ఎంతుంటుందో చెబుతారు. డగ్గీ హార్కోర్ట్ టర్బోలో పోయినేడు ఒక గొర్రె ఈనిందనీ, పిల్ల బయటికొచ్చే దారి వెతుక్కునేసరికి దానికి ఉన్ని కత్తిరించే వయసొచ్చిందనీ అనుకుంటారు. ఇందులో కొంత అబద్ధం ఉంది. పిల్లలు రెండు.

టెగన్ ట్రెజైజ్‌కి మాత్రం చిన్న టర్బో కావాలి. డీజిల్ మెకానిక్కు కదా, ఆ మాత్రం పిచ్చి ఉంటుంది. వాళ్ళ తాత వదిలి వెళ్ళిన ట్రాక్టరు పేరు డోరీన్. ఆయన తన అత్తగారి పేరు పెట్టుకున్నాడు: మొదలవడం కష్టం, మొదలైతే ఆపడం కష్టం. శనివారం లాగుడు పోటీలో డోరీన్ వంద మీటర్లూ లాగాలి. లేకపోతే సోమవారం పాత ఇనుము కొనేవాడు వచ్చి తీసుకుపోతాడు. టెగన్ తండ్రి క్లెమ్ అతనికి ఫోన్ కూడా చేసేశాడు. చేసింది ఒక్క ఫోనే గానీ, టెగన్‌కి ఆ వారమంతా అన్నం సయించలేదు.

పోటీకి ముందు ఆదివారం మధ్యాహ్నం ఆమె మటన్ ముక్కల పళ్ళెం పక్కకు జరిపి ఒక పటం పరిచింది. దాని మీద వంకర గీతలు, ఒకదానిలో ఒకటి.

"ఇది ఎవరి చేను?" అన్నాడు క్లెమ్.

"చేను కాదు నాన్నా. టర్బో పటం. ఇంజను ఎంత గాలి పీలిస్తే టర్బో ఎంత ఒత్తిడితో ఇవ్వగలదో ఇందులో ఉంటుంది. ఈ ఎడమ గీత దాటామనుకో, గాలి వెనక్కి తంతుంది."

"అంటే కంచె."

"కంచే అనుకో. డోరీన్ ఈ మధ్యలోనే మేయాలి. మరీ పెద్ద టర్బో పెడితే కంచె అవతల పడుతుంది. అసలు దాని పొగకి అంత చక్రం తిరగను కూడా తిరగదు."

క్లెమ్ పటాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నీళ్ళ తొట్టి ఎక్కడుంది?"

"నాన్నా."

"చిన్నది పెడితే జనం ఏమంటారే? ట్రెజైజ్ వాళ్ళు టీకప్పు తగిలించుకొచ్చారంటారు. మెర్వ్ పెద్దది తెస్తానన్నాడు. అదే పెట్టు."

మెర్వ్ ఆమె బాబాయ్. గనిలో పని. అక్కడ రెండంతస్తుల ఎత్తు లారీకి ఉండే టర్బోని తెచ్చాడు. దాన్ని దింపుతుంటే కొట్టమంతా దాని నీడలోకి వచ్చేసింది. టెగన్ దాన్ని బిగించి, ఇంజను స్టార్టు చేసి, తొక్కి పట్టింది. డోరీన్ వదిలిన పొగకి పక్క జిల్లాలో కోళ్ళు పొద్దుగూకిందనుకుని గూళ్ళకెక్కాయి. టర్బో కదల్లేదు. మెర్వ్ లోపలికి పోయి టీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి బోర్లించి వచ్చాడు. అప్పుడు చక్రం ఒక చుట్టు తిరిగింది, బయటి గాలికి.

"తిరిగింది చూశావా?" అన్నాడు క్లెమ్ సంతృప్తిగా.

మర్నాడు క్లెమ్ పొరుగూరు వెళ్ళినప్పుడు టెగన్ స్కూలు బస్సుకుండేలాంటి చిన్న టర్బో ఒకటి తెచ్చి, పటంతో సరిచూసి, బానెట్ లోపల ఇంజనుకి ఆనించి బిగించింది. పెద్దదాన్ని పైనే ఉంచింది. దాని గొట్టాలు బానెట్‌లోకి దర్జాగా దిగి, దేనికీ కలవకుండా అక్కడితో ఆగిపోయాయి. తండ్రికి చెప్పలేదు. ఆయనా అడగలేదు.

పెద్ద టర్బో గురించి మాత్రం క్లెమ్ పబ్బులో చెప్పాడు. మర్నాటికి ఊరంతా ఇంకా పెద్ద టర్బోలకి మారిపోయింది. డగ్గీ ఏకంగా ఓడది తెప్పించాడు. ఓడ రాలేదు, అంతే తేడా.

శనివారం మైదానమంతా పెనం మీద వేగే సాసేజీల వాసన. ట్రాక్టరు వెనక ఇనుప బండి కడతారు. అది ముందుకు సాగేకొద్దీ దాని మీది బరువుపెట్టె ముందుకు జరిగి నేలని ఇంకా గట్టిగా అదుముతుంది. అందుకే టర్బో మొదటి గజంలోనే మేలుకోవాలి.

డగ్గీది మేలుకోలేదు. నల్లగా పొగ చిమ్మి, ముప్పై మీటర్ల దగ్గర ఇంజను ఆగిపోయింది. ఆగిపోయాక టర్బో ఈల వేసింది. తర్వాతివాళ్ళదీ అదే కథ. పొగ చాటున ఇద్దరికి పెళ్ళి కుదిరిందంటారు, పొగ విడిచాక వాళ్ళే కాదన్నారట.

టెగన్ తొక్కగానే డోరీన్ సన్నగా ఈల వేసి కదిలింది. బరువు పెరిగింది, డోరీన్ వినిపించుకోలేదు. వంద మీటర్ల జెండా దాటి, సాసేజీల బల్ల ముందు ఆగింది.

గెలిచిన ట్రాక్టరుని ఆడ్రీ పాస్కో తనిఖీ చేస్తుంది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. జనం మధ్య ఆమె పెద్ద టర్బో మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. దాని నోట్లోకి చెయ్యి పోనిచ్చింది. బీరు డబ్బా బయటికొచ్చింది.

"అది నాది," అన్నాడు మెర్వ్. "పొద్దున తుడుస్తుంటే చెయ్యి లోపలికి పోయింది. ఖాళీగానే ఉంది కదా అని."

"బండి మీదున్న ప్రతిదానికీ ఒక పనుండాలి. లేకపోతే ఈ లాగుడు చెల్లదు," అంది ఆడ్రీ. "దీని పనేంటి, అమ్మాయ్?"

క్లెమ్ కూతురి వంక చూశాడు. టెగన్‌కి పాత ఇనుము లారీ కళ్ళకు కట్టింది.

"బరువు, మిస్. లాగేటప్పుడు ముక్కు పైకి లేవకుండా."

ఆడ్రీ పొద్దుటి తూకం చీటీ తీసి చూసుకుంది. దీనితో కలిపే తూచారు, హద్దు దాటలేదు. "బరువుకి అభ్యంతరం లేదు. బీరుకి ఉంది," అని డబ్బా సంచిలో వేసుకుంది. "చెల్లుతుంది."

క్లెమ్ దగ్గరికొచ్చాడు. "మరి లాగిందేది?"

టెగన్ బానెట్ ఎత్తింది. క్లెమ్ కళ్ళజోడు పెట్టుకుని వంగాడు.

"ఇదా?"

"ఇదే."

"ముయ్యి. జనం చూస్తున్నారు."

అప్పటికే డగ్గీ వచ్చి పెద్దదాని చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు. "క్లెమ్, దీన్ని నాకిచ్చెయ్‌రా."

"అది తిరగదురా."

"తిరక్కుండానే వంద మీటర్లు లాగింది. తిరిగితే ఎక్కడికి పోతుందో ఆలోచించు."

క్లెమ్ కాసేపు నిజంగానే ఆలోచించాడు. "ఇవ్వను," అని పక్కకు వెళ్ళి ఫోన్ తీశాడు.

"సోమవారం రాకు. ట్రాక్టరు ఇచ్చేది లేదు... ఆఁ, మొత్తం లాగింది... టర్బోనా?"

టెగన్ వింటోందని అతనికి తెలుసు. అందుకే అటు తిరిగి నిలబడ్డాడు.

"పెద్దదే," అన్నాడు.