నాలుగు ఆటోల సరుకు

కడప బైపాస్ పక్కన ఒక కంపెనీ పెద్ద గోడౌను తెరిచింది. లారీల్లో వచ్చే సరుకంతా అక్కడే దింపి, వీధికొక వ్యాన్‌లో కలిపి పంపేది. అంతకుముందు ఒక్కో అంగడికి ఐదు ఆటోలు ఐదుసార్లు వచ్చేవి. ఇప్పుడు ఒక వ్యాను, ఒకే రాక, సగం కిరాయి. రెండు నెలల్లో స్టాండులో నాలుగు గూడ్స్ ఆటోలే మిగిలాయి.

వాటిలో ఒకటి తోలే నిస్సార్ మూడు రోజులు ఖాళీ ఆటోతో ఇంటికొచ్చాడు. భార్య షాహనా కిరాయి డబ్బుల డబ్బా తెరిచి చూసి మళ్లీ మూసింది.

నాలుగో రోజు పొద్దున్నే తోటివాళ్లు ఓబుళేశు, అయ్యన్న, కంబన్నలను పిలిచి కూర్చోబెట్టాడు. వాళ్లలో కంబన్నే పెద్ద. అరవై దాటాయి. నిస్సార్ చేత మొదట స్టీరింగు పట్టించింది ఆయనే.

"వాళ్లు చేసేదే మనమూ చేద్దాం. నలుగురి సరుకూ ఒకే ఆటోలో ఏసుకుంటే మనమూ సగం కిరాయికే తోలొచ్చు" అన్నాడు నిస్సార్.

అంగడంగడికీ తిరిగి బతిమాలాడు. పప్పుల వ్యాపారి పుల్లయ్య పాత పరిచయం కొద్దీ మొహమాటపడి ఒప్పుకున్నాడు. ఆయన్ను చూసి మరికొందరు సరేనన్నారు.

రోజూ ఒక ఆటో నిండుగా కదిలేది. మిగతా మూడూ ఎండలో నిలబడేవి. వంతులేసుకుంటే నాలుగు రోజులకొక రోజు పని. అయ్యన్న ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఎవరి వంతన్న దగ్గర అతనూ ఓబుళేశూ కొట్టుకోబోయారు. ఈ సరుకు నలుగురిని బతికించదని నిస్సార్‌కు అర్థమైంది. ఆలోచన తనది. తప్పుకోవాల్సిందీ తనేనేమో. ఆ మాట ఎవరితోనూ అనలేకపోయాడు.

మరునాడు కంబన్న స్టాండుకు నడిచి వచ్చాడు.

"ఆటో యాడ మామా?"

"మైదుకూరాయనకు అమ్మేసినా."

"మరి పనికి?"

"ఆ గోడౌనుకే పోతాండా. మూటలు దించేదానికి మనుషులు కావాలంట."

"నీ వయసుకు మూటలేంది మామా?"

"నలుగురమంటే ఎవరమూ మిగలం నాయనా. ముగ్గురైతే ఏదో గడుస్తాది."

నేను పోతాలే అనే మాట నిస్సార్ గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఆ రోజు వంతు అతనిదే. ఆటో ఎక్కమని మాత్రం అనగలిగాడు.

గోడౌను గేటు దగ్గర ఆటో ఆపొద్దని వాచ్‌మన్ కసిరాడు. కంబన్న దిగి, తువ్వాలు తలకు చుట్టుకుని, కూలీల వరసలో చివర నిలబడ్డాడు. ముందున్నవాళ్లంతా ఆయన కొడుకుల వయసువాళ్లు.

పుల్లయ్య సరుకు వేళకు అందకపోతే ఆ కిరాయీ పోతుంది. నిస్సార్ ఆటో తిప్పుకుని ఊళ్లోకి బయలుదేరాడు.