ఎవరి తరఫున కొంటున్నారు?

లాయరమ్మ నా గుర్తింపు కార్డును వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత నా మొహం చూసింది. మళ్లీ కార్డు. అందులో ఉన్నది నేనే తల్లీ, అప్పుడు జుట్టు కాస్త ఒత్తుగా ఉండేది, అంతే అందామనుకున్నాను గానీ పక్కన కూర్చున్న అక్క మోచేత్తో పొడిచేసరికి ఊరుకున్నాను.

"ఏమీ అనుకోకండి. షాపు చేతులు మారుతోందంటే కొనేదెవరో, డబ్బు ఎక్కణ్నించి వస్తోందో మేం చూసి తీరాలి. నల్లడబ్బు తెల్లగా మార్చుకునేది ఇలాంటి కొనుగోళ్లలోనే" అంది లాయరమ్మ.

అది ఫొటోలకు ఫ్రేములు కట్టే చిన్న షాపు. చదువు మానేసినప్పటి నుంచీ అందులోనే పని చేస్తున్నాను. చెక్క పట్టీలు మూలల్లో సరిగ్గా అతికేలా ఏటవాలుగా కోయడం, గాజు మీద గీత పెట్టి విరవడం అక్కడే నేర్చుకున్నాను. షాపు పెద్దాయనకు చేతులు వణకడం మొదలయ్యాక, నువ్వే కొనుక్కోవే అన్నాడు. నా దగ్గర చిల్లిగవ్వ లేదు. నేను నోరు తెరిచి అడక్కుండానే అక్క డబ్బు నేరుగా లాయరమ్మ ఖాతాకు పంపింది. "మన మధ్య నీది నాది ఏమిటే?" అంది. ఇక ఒకరి కింద చేయక్కర్లేదు, నా షాపు నాది అనుకుంటూ వంటింట్లోకి పోయి ఏడ్చాను.

"మీరు ఇంకెవరి తరఫునైనా కొంటున్నారా?" అని నన్నడిగింది లాయరమ్మ.

"ఇంకెవరి తరఫునండీ? నా తరఫునే!"

"డబ్బు మీ అక్కగారిది కాబట్టి ఆవిణ్ని కూడా అడగాలి. అమ్మా, ఇది మీ చెల్లెలికి ఊరికే ఇచ్చేసినట్టేనా? షాపులో వాటా గానీ, లాభంలో భాగం గానీ మీకు ఉండవు. అంతేనా?"

నాకు నవ్వొచ్చింది. మా అక్కను పట్టుకుని అడగాల్సిన మాటేనా అది!

అక్క నవ్వలేదు. "అలా ఎలా అంటానండీ? షాపు నాదే కదా. నా పేరు మీదైతే టాక్సు ఎక్కువ పడుతుందని దీని పేరు పెడుతున్నాం."

"మరి నేను?" అన్నాను.

"నిన్ను రోడ్డున పడేస్తానటే? ఎప్పట్లాగే పని చేసుకో. జీతం పెద్దాయన ఇచ్చేదానికన్నా కాస్త ఎక్కువే ఇస్తాను."

జీతం! తోడబుట్టింది కదా అని నమ్మినందుకు నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలనిపించింది.

లాయరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "విన్నాక విననట్టు ఉండలేను. అసలు యజమాని ఒకరూ, పేరు ఇంకొకరిదీ అయితే నేనీ పని చేయను."

"వద్దండీ. ఆవిడ డబ్బు ఆవిడకు పంపేయండి" అన్నాను. దాంతో షాపు పోతుందని తెలుసు. అయినా సొంత అక్కకు బినామీగా బతికే ఖర్మ నాకేం పట్టింది?

అక్క అప్పుడైనా నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. సిగ్గు లేని ఆశ. తను హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగి గుర్తింపు కార్డు, కరెంటు బిల్లు, బ్యాంకు కాగితాలు తీసింది. అన్నీ వరసగా క్లిప్పు పెట్టి ఉన్నాయి. ఇంటి దగ్గరే సర్దుకుని మరీ వచ్చింది మహాతల్లి!

"టాక్సు పోతే పోయింది. నా పేరు మీదే రాయండి" అంది.

లాయరమ్మ నా వైపు చూసి నిట్టూర్చింది. "అయితే అన్నీ మళ్లీ మొదటి నుంచీ చూడాలి. షాపుతో పాటు వచ్చే పనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఒకామె ఉంది" అంది అక్క, నా మొహం చూడకుండా.

"లేదండీ" అన్నాను కుర్చీలోంచి లేస్తూ. "ఆవిడ ఇప్పుడే మానేసింది."