ఫ్లాష్ మీద బొట్టు

మారెక్క తన మనవరాలిని తొట్టిలో వేసి పేరు పెట్టే రోజునే నా కెమెరా మొండికేసింది. ఫ్లాష్ వెలుగుతోంది, ఫొటో మాత్రం నల్లగా వస్తోంది. వాళ్లది బండల మిద్దె, గదికి ఒక్కటే కిటికీ. పాపను బయట పెట్టి తీద్దామంటే, పూజ అయ్యేదాకా గడప దాటించరు.

"ఫ్లాష్ బల్బులో పస పోయినాదిలే," అన్నాడు స్టూడియో జయరాం, నా కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి. ఎవరూ పిలవకుండానే తన కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు. ఆ తర్వాత మారెక్క వైపు తిరిగి గొంతు తగ్గించాడు, అందరికీ వినపడేంతగా. "మొగుడు పోయిన మనిషిని శుభకార్యానికి పిలిస్తే ఇట్లే అయితాదక్కా."

నాకు ఒళ్లు మండింది. నా భర్త వీరేష్ పోయి మూడేళ్లు. ఆయన కొనిచ్చిన ఈ చిన్న కెమెరాతోనే బెళుగుప్ప చుట్టుపక్కల నామకరణాలూ, పుట్టువెంట్రుకలూ తీసి బతుకుతున్నాను. ఈరోజు ఫొటో రాకపోతే పోయేది ఒక్క బేరం కాదు. తప్పు కెమెరాది కాదు, నాదేనని ఊరు ఖాయం చేస్తుంది. ఇక ఏ ఇంటివాళ్లూ పిలవరు.

"పది నిమిషాలు ఆగక్కా," అన్నాను.

వసారాలో, నాతో వచ్చిన మా అత్త పక్కన కూర్చుని కొత్త సెల్లులు వేశాను. అదే నలుపు. ఫ్లాష్ ఆపి మళ్లీ పెట్టాను. అదే నలుపు. చివరికి ఫ్లాష్ ముందు అరచెయ్యి పెట్టి నొక్కాను. చేతి మీద పడిన వెలుగు ఎర్రగా ఉంది.

తిప్పి చూస్తే ఫ్లాష్ అద్దం నిండా బొట్టు! మొన్న ఆయుధపూజకు మా అత్త హనుమక్క పెట్టింది. పసుపు మీద కుంకుమ, ఎండి పెచ్చుకట్టింది. పూజ బొట్టును ఎవరూ తుడవరు, దానంతట అదే రాలిపోవాలి. అందుకే రెండు రోజులుగా చూస్తున్నా నా కంటికి ఆనలేదు. అన్ని తిప్పులు తిప్పిన జయరాంకి కూడా కనపడలేదంటే మాత్రం నేను నమ్మను.

గోటితో గీకబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఏమ్మే, బొట్టు చెరిపేస్తావా? నీకు మంచి జరగాలనే గదా పెట్టినా!"

"మంచి జరగాలంటే వెలుగు రావల్ల గదత్తా."

ఆమె చెయ్యి వదిలింది. "సరే, గీకు. కింద మాత్రం ఎయ్యొద్దు. కుంకుమ తొక్కగూడదు."

గీకి, తడిగుడ్డతో అద్దం తుడిచాను. వేలి కొనన కుంకుమ మిగిలింది. కింద వేయకూడదు. గడపలో నిలబడి జయరాం చూస్తున్నాడు. చూడనీ. నుదుటికి పెట్టేసుకున్నాను.

అత్త నా మొహంకేసి చూసింది. కొడుకు పోయినప్పుడు ఆ నుదురు తుడిచింది ఆమే. కొట్టినా పడదామనుకున్నాను.

"వంకర పెట్టుకుంటివి గదమ్మే," అని కొంగుతో సరిచేసింది.

లేచి గడప దగ్గరికి వెళ్లాను. "జరుగు జయరామన్నా. అడ్డముండావు."

జరిగాడు. తొట్టి ముందు నిలబడి నొక్కాను. గదంతా తెల్లగా మెరిసింది. పాప కెవ్వుమంది. మారెక్క ముందు నా నుదుటిని చూసింది, తర్వాత కెమెరాలో మనవరాలి బోసినోటిని చూసింది.

"ఇంగొకటి తియ్ హేమావతీ," అంది. "ఈసారి నేనూ ఉంటా."