బొమ్మల ప్యాకేజీ

"ఆ బొమ్మల ప్యాకేజీ దండగే. తీయించేసినాను," అన్నారు మా ఆయన సన్యాసిరావు, నేను చారుకు పోపు పెడుతుండగా. టీవీలో క్రికెట్ ఛానళ్లు మాత్రం ఉంచుకున్నారు. సరేనన్నాను. ఈ మధ్య దేనికైనా సరే అనడమే నాకు సులువుగా ఉంటోంది.

జి.మాడుగులలో మాది కిరాణా కొట్టు, వెనక గదుల్లో కాపురం. ఇంటిమీద డిష్ పెట్టించినప్పుడు మా ఐదేళ్ల పాప మౌనిక కోసం పిల్లల ఛానళ్లు కూడా కావాలని అడిగింది నేనే. సంత రోజున వంట ముగించి కొట్లో కూర్చున్నానంటే, జనం పలచబడేదాకా లేవడానికి ఉండదు. అంతసేపూ దాన్ని గదిలో కూర్చోబెట్టేవి ఆ బొమ్మలే. గోడ అవతల దాని నవ్వు వినబడుతుంటే పిల్ల క్షేమమనుకుని నూనె కొలుస్తూ ఉండేదాన్ని. చోడవరం నుంచి మా అత్తగారు తవిటమ్మ ఫోన్లో అనేవారు: "తల్లి ఇంట్లోనే పడుంది కదా, గుంటకి టీవీ ఏటి?" డిష్ బిగించడానికి వచ్చినతను నేనేం చేస్తుంటానని అడిగితే ఈయన చెప్పిందీ అదే: "మా ఆవిడా? ఇంట్లో ఖాళీయేనండి."

ఛానళ్లు పోయాక వచ్చిన మొదటి సంతలోనే, బేరాల మధ్య, గోడ అవతల చప్పుడు లేదని గమనించాను.

"ఏవండీ, పాపని చూసొస్తాను."

"ఈ బేరం అయినాక ఎల్దువులే."

ఆ బేరం అయింది. ఇంకొకటి వచ్చింది. అదీ చూశాకే లేచాను. వెనక తలుపు బార్లా తీసి ఉంది.

సంతంతా తిరిగాను. పాడేరు జీపులు ఆగేచోట, పసుపు అమ్ముకునే గంగ ఒళ్లో కూర్చుని ఉంది మౌనిక.

"జీపు ఎక్కబోనాదమ్మా నీ గుంట. సెయ్యి పట్టుకుని కూకోబెట్టినాను," అంది గంగ.

ఎత్తుకుని కొట్టుకి వచ్చేసరికి, జనం ముందే ఆయన అరిచారు. "ఉన్న ఒక్క పిల్లనీ సూసుకోలేవేటి? పొద్దస్తమానం ఏటి సేత్తన్నావు?" నా చేతులకు ఇంకా నూనె జిడ్డు ఉంది. ఆ చేతులతోనే పిల్లను గదిలో దింపి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

భోజనాల దగ్గర ఆయనే మెత్తబడ్డారు. "ఆ ప్యాకేజీ మళ్లీ ఏయించేస్తాలే. పిల్లకి మనిషిని పెట్టుకోడం కన్నా అదే సవక."

వడ్డించబోయిన చెయ్యి ఆగింది. ఇన్నాళ్లూ అది దండగా కాదా అనే మాట్లాడుకున్నాం. నేను కొట్లో ఉన్నంతసేపూ పిల్ల దగ్గర ఎవరుండాలన్న మాట ఎప్పుడూ రాలేదు. కోపం రాలేదు నాకు. వస్తే బాగుండునని కూడా అనిపించలేదు.

"ప్యాకేజీ వద్దండి. సంత రోజు నా చోట మనిషిని పెట్టుకోండి."

"ఉత్తినే కూకునేదానికి మనిషెందుకే?"

ఆయనకి పెరుగు వేశాను.

తర్వాతి సంతనాడు, కొట్టువైపు తలుపుకు ఇవతలనుంచి గడియ పెట్టి, మౌనికకు తల దువ్వుతూ కూర్చున్నాను. ఆయన పిలిచారు, తలుపు కొట్టారు, కసిరారు. నేను జడ అల్లుతూనే ఉన్నాను. ఎండెక్కేవేళకు కొట్లో ఎవరిదో కొత్త గొంతు, రోజుకెంత ఇస్తారని అడుగుతోంది. ఆయన ఏదో ఒక మొత్తం చెప్పారు.

నేను కూర్చునే చోటుకు జీతం ఉంటుందని అప్పుడే మొదటిసారి విన్నాను.