ఆరింటి గడి

పదకొండేళ్ళలో నేను ఒక్క దొంగ లెక్క రాయలేదు. ఎండైనా వానైనా తెల్లారి ఆరింటికల్లా సైకిలు మీద కరకట్ట దిగి, బ్యారేజీకి దిగువ రేవులో పాతిన స్కేలు మీద కృష్ణ ఎన్ని అడుగులుందో చూసి రిజిస్టరులో రాయడమే నా ఉద్యోగం. ఆ అంకెను బట్టే ఆఫీసువాళ్ళు బ్యారేజీ నుంచి కిందికి నీళ్ళు వదలాలో వద్దో తేలుస్తారు. "అఫ్జల్ రాశాడంటే శిలాశాసనమే" అని మా ఇంజనీరు, ఏఈ గారు పదిమందిలో అంటుంటే, అబద్ధమెందుకు, ఛాతీ ఉబ్బేది.

2003 వేసవిలో మా అక్క, కుల్సుం ఆపా వచ్చింది. ఆమెది సముద్రం దగ్గరి లంక. ఆ ఏడు పైనుంచి నీళ్ళు మరీ రాక, ఏట్లోకి ఉప్పునీరు ఎగదన్ని ఊరి బావులన్నీ చెడిపోయాయట. గవర్నర్‌పేట వెళ్ళి మా ఆఫీసులో అర్జీ పెడితే, ఏఈ గారు నా రిజిస్టరే తెరిచి చూపించి పంపేశారట. అందులో రోజూ నాలుగడుగులే, అది తగ్గితేనే నీళ్ళు వదులుతామన్నారట.

"నాలుగడుగులుంటే మా బావులెందుకు చచ్చినయ్‌రా?" అంటూ సంచిలోంచి సీసా తీసి నా ముందు పెట్టింది. "నువ్వు రాసిన నీళ్ళే. తాగు."

ఒక్క గుక్కకే ఉమ్మేశాను. "ఉన్నదే రాశాను ఆపా!" అని అరిచాను. ఆమె సీసా అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

మర్నాడు ఇంటికొచ్చాక, కళ్ళజోడు రేవులోనే మరిచానని గుర్తొచ్చింది. తొమ్మిదింటికి తిరిగి వెళ్తే, కట్ట ఎక్కకముందే మోత వినిపించింది. ఒడ్డు పొడుగునా ఆయిలింజన్లు ఏట్లో గొట్టాలు దించి మొక్కజొన్నకు తోడేస్తున్నాయి. స్కేలు మీద నీరు ఒకటిన్నర అడుగు.

రోజూ నాకు టీ పోసే రైతు రత్తయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇదేంటి రత్తయ్య గారూ?"

"మీకు తెలీందేముందండీ! పొద్దుగూకగానే ఆపేస్తే తెల్లారేసరికి ఏరు మళ్ళీ నిండుద్ది. పొద్దున్నే మీ సైకిలు కట్ట దాటాకే హ్యాండిలు తిప్పుతాం. లెక్క తగ్గితే మీకు మాటొస్తదని, మీరొచ్చిన కాణ్ణుంచీ ఇదే పద్ధతండీ."

నా కోసమేనట! ఆ టీని నేను మర్యాద అనుకున్నాను. కంచే చేను మేసిందంటారు. నేను మేయలేదు గానీ, మేసేవాళ్ళకి టైము చెప్పాను.

ఏఈ గారికి ఫోను చేశాను. "రికార్డుకి ఆరింటిదే లెక్కయ్యా. తొమ్మిదింటికి గడే లేదు," అన్నారాయన.

మర్నాడు ఆరింటికి మళ్ళీ నాలుగడుగులుంది. చూసి, రిజిస్టరు తెరవకుండా, లేవకుండా అక్కడే కూర్చున్నాను. ఏడైంది, ఎనిమిదైంది. రైతులంతా ఇంజన్ల దగ్గర నిలబడి నా వంకే చూస్తున్నారు, ఒక్కరూ హ్యాండిలు ముట్టుకోలేదు. నేను కూర్చున్నంతసేపూ కృష్ణ కిందికి పారింది.

తొమ్మిదింటికి రత్తయ్య వచ్చాడు. "లేవండి సాయిబు గారూ. కంకి పాలు పోసుకుంటంది. ఈ తడి తప్పితే ఏడాదంతా పస్తేనండీ."

వెంట తెచ్చిన ఆపా సీసా చేతికిచ్చాను. తాగి, మొహం చిట్లించి, ఎక్కడివని అడిగాడు. చెప్పాను. రత్తయ్య సీసాను జాగ్రత్తగా నా పక్కన పెట్టి, వెళ్ళి నా ఎదుటే హ్యాండిలు తిప్పాడు. వెనకే మిగతావాళ్ళూ తిప్పారు.

మధ్యాహ్నానికి స్కేలు మీద నీరు ఒకటిన్నరకు దిగింది. రిజిస్టరు తెరిచి, ఆరింటి గడిలో ఒకటిన్నర అని రాసి సంతకం పెట్టాను. పదకొండేళ్ళలో నేను రాసిన మొదటి దొంగ లెక్క అదే.