సబ్బు అడిగిన చెయ్యి

కంప్రెసర్ గుర్రుమంటున్న బళ్ల రిపేరు షెడ్డులో ఒక మాట నోట్లోంచి బయలుదేరి చెవిలోకి చేరేలోపు దాని ఒళ్లు హూనమైపోతుంది. ఆ పొద్దున బ్రేకుల బావ అరిచిన మాటకీ అదే గతి పట్టింది.

"ఈ పెట్రోలు నాకొద్దు! నాకు సబ్బే కావాలి! సబ్బే!" అని అరిచాడు బావ, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి.

అద్దాల గదిలో టీ తాగుతున్న ఓనరుకి వినబడింది ఇది: "సమ్మే కావాలి! సమ్మే!"

ఎత్తిన చేతులు కనబడుతున్నాయి. తెరిచిన నోరు కనబడుతోంది. ఇక అనుమానం దేనికి? టీ చొక్కా మీద ఒలకబోసుకుని బయటికి ఉరికాడు. ఓనరంటే 'ఓ నరుడు' అనుకునేరు. ఆయన అందులోంచి నరుణ్ని ఏనాడో గెంటేసి, 'ఓ'ని మాత్రం కేకలేయడానికి అట్టేపెట్టుకున్నాడు.

"ఓయ్! నా షెడ్డులో నిలబడి నన్నే అడుగుతావా అది?"

"మిమ్మల్ని కాక ఎవర్నడగాలి సార్?" అన్నాడు బావ.

"ఇవాళ నువ్వడుగుతావు, రేపు అందరూ అడుగుతారు!"

"అందరికీ కావాలి సార్. నా ఒక్కడికే ఐతే ఏం లాభం?"

"అందరికీనా! అంటే ముందే కూడబలుక్కున్నారన్నమాట!"

"రోజూ అదే మాట్లాడుకుంటున్నాం సార్. ఓర్చుకోలేకపోతున్నాం మరి."

"ఐతే బయటికి నడు! ఆ మాట ఇంకోసారి ఈ గేటు లోపల వినబడకూడదు!"

అలా బ్రేకుల బావ గేటు బయట పడ్డాడు. ఎన్నో బళ్లకి బ్రేకులు వేసినవాడు, తన బతుకుబండికి ఓనరు బ్రేకు వేస్తే నడిరోడ్డు మీద ఆగిపోయాడు. సబ్బడిగితే పని పీకేస్తారా? సబ్బేమైనా తుపాకీయా?

లోపల ఓనరు అప్పటికే ఆ వీధిలో ఉన్న షెడ్ల ఓనర్లందరికీ ఫోన్లు చేస్తున్నాడు. "మా దగ్గర మొదలైంది. మీవాళ్లని కనిపెట్టుకోండి."

*

ఆ షెడ్డులో చేతులు ఎలా కడుక్కుంటారో చెబితే అన్నం ముందు కూర్చున్నవాళ్లు లేచిపోతారు. అయినా చెప్పాలి. తినేవాళ్లు కాసేపు కంచం పక్కన పెట్టి వినండి.

సగానికి కోసిన డ్రమ్ము ఒకటి ఉంటుంది. అందులో పెట్రోలు, డీజిలు, కొంత కిరసనాయిలు. డీజిల్ అక్క పొద్దుట్నుంచీ వట్టి చేతులతో ఇంజను ముక్కలన్నీ అందులోనే కడుగుతుంది. మధ్యాహ్నానికి ఆ నీళ్లు (నీళ్లనడానికి నోరు రావడం లేదు) కుళ్లిన కాలవలా నల్లగా, చిక్కగా తయారవుతాయి. పైన ఒక తెట్టు. తెట్టు మీద ఒక ఈగ, దాని మీద ఇంకో ఈగ. భోజనాల వేళకి అందరూ వరసగా వచ్చి అందులోనే మోచేతుల దాకా ముంచుతారు. గుప్పెడు రంపపు పొట్టుతో రుద్దుతారు. తరవాత గోడకి వేలాడే గుడ్డతో తుడుచుకుంటారు. ఆ గుడ్డ ఒకప్పుడు ఎవరి బనియనో. ఇప్పుడది చచ్చి ఎండిన జంతువు. అందరి చేతులూ తుడిచి, ఒకరి చీము ఇంకొకరికి పంచిపెట్టే సోషలిజం ఆ షెడ్డులో దానొక్కదానికే ఉంది.

ఇక చేతులు. బావ వేళ్ల సందుల్లో చర్మం పగిలి, పగుళ్లలో నల్లటి నూనె దిగబడి, ఎండిన చెరువు నేలలా ఉంటుంది. పిడికిలి బిగిస్తే పగుళ్లు నోళ్లు తెరుస్తాయి. పచ్చటి రసి కారుతుంది. గోళ్లు మాంసాన్ని వదిలి లేస్తున్నాయి. నూనె గుడ్డ జేబులో కుక్కుకోవడంతో తొడ మీద చిన్న చిన్న కురుపులు. బస్సులో పక్క సీటువాడు లేచి నిలబడతాడు. ఇంట్లో కారం తగిలితే ప్రాణం పోతుందని చెంచాతో తింటాడు. చొక్కా గుండీలు పెళ్లామే పెడుతుంది.

"పెళ్లినాడు కూడా ఇంత దగ్గరగా నిలబడలేదు నేను," అని ఆవిడ ఎగతాళి చేస్తుంది గుండీలు పెడుతూ. కళ్లు మాత్రం ఆ చేతుల మీంచి తప్పించుకుంటాయి. ఆ తప్పించుకోవడమే బావకి చీము కంటే ఎక్కువ నొప్పి.

ఆవిడే తరిమి తరిమి ఆసుపత్రికి పంపింది. అక్కడ డాక్టరమ్మ ఆ చేతుల్ని దీపం కింద తిప్పి తిప్పి చూసింది.

"దేంతో కడుగుతున్నారు?"

"పెట్రోలుతో అమ్మా."

"బండికి ఆయిలు లేకపోతే ఏమవుతుంది?"

"ఇంజను పట్టేస్తుందమ్మా."

"మీ తోలుకీ దాని ఆయిలు దానికుంది. పెట్రోలు పోసి రోజూ దాన్ని కడిగేస్తున్నారు. చర్మం పట్టేసింది."

సబ్బూ నీళ్లతో కడగాలంది. శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా ఒత్తుకోవాలంది. క్రీము రాయాలంది. నూనెలో చెయ్యి పెట్టేముందే పల్చటి రబ్బరు తొడుగులు వేసుకోవాలంది. నూనె పీల్చిన బట్టలు ఒంటి మీద ఉంచుకోవద్దంది. "ఇలాగే సాగితే ఈ చేతులు ఆ పనికి ఇక పనికిరావు. ఆ నూనె తగిలితే చాలు, మండిపోతాయి. వేరే పని ఏదైనా వచ్చా?"

రాదు. బావకి బ్రేకులు తప్ప ఏమీ రావు. చెయ్యి పోతే చెయ్యడానికేముంది? తెలుగులో రెండు మాటలూ ఒకటే. ఓనరుకి 'చెయ్యి' అంటే ఆజ్ఞ. పనివాడికి 'చెయ్యి' అంటే ఒంట్లో ఒక ముక్క. ఆ ముక్క కుళ్లిపోతుంటే ఆజ్ఞలు మాత్రం తాజాగా వస్తున్నాయి.

*

కంప్రెసర్ ఆగింది. ఆపింది డీజిల్ అక్క.

"సబ్బడిగినందుకు మనిషిని గెంటేస్తాడా? వాడి మొహానికి నా డ్రమ్ములో నీళ్లు కొట్టా!" అంటూ గేటు దాటి వచ్చేసింది. ఆవిడ వెనక ఇంజన్లవాళ్లు, సొట్టలు తీసే డెంటింగువాళ్లు, బ్యాటరీలవాళ్లు. ఎవరి చేతిలో ఉన్న స్పానరు వాళ్ల చేతిలోనే ఉంది.

పక్క షెడ్లలోంచీ జనం వచ్చారు. వాళ్లని రప్పించింది వాళ్ల ఓనర్లే. "అక్కడ సమ్మె అంట, మీలో ఎవడైనా కదిలాడో..." అని బెదిరిస్తే, సమ్మె ఎలా ఉంటుందో చూద్దామని అందరూ కదిలారు.

"సమ్మె అంట కదా?" అని అడిగాడు టైర్ల షెడ్డువాడు.

"పని వదిలేసి రోడ్డు మీద నిలబడ్డాం. దీన్నేమంటారో నువ్వే చెప్పు," అంది అక్క.

"దేనికి?"

"సబ్బుకి."

టైర్లవాడు నవ్వబోయాడు. తన చేతులు చూసుకున్నాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

పాత టైర్ల గుట్ట దగ్గర అందరూ కూలబడ్డారు. ఊరికే కూర్చోలేదు, వాదించుకున్నారు. పెయింటరు తాత మొదలెట్టాడు.

"నా జన్మంతా థిన్నరుతోనే కడిగాను. ఏమైంది నాకు? ఇవి పనిచేసే చేతులు. సబ్బులూ క్రీములూ పెళ్లికూతుళ్లకి."

"ఏదీ తాతా, చూపించు నీ పెళ్లికూతురు చేతులు," అంది అక్క.

తాత చూపించలేదు. అక్కే లాగి చూపించింది. వేళ్ల కొసలు నున్నగా, తెల్లగా, అరిగిపోయిన రబ్బరులా ఉన్నాయి. గీతల్లేవు. అరచేతుల నిండా పొలుసులు. అక్క తాకగానే రెండు పొలుసులు రాలి ఆవిడ ఒళ్లో పడ్డాయి. ఎవరో మొహం తిప్పుకున్నారు. ఎవరో ఉమ్మేశారు.

"కర్మ," అన్నాడు తాత చిన్న గొంతుతో.

"కర్మ కాదు తాతా, చర్మం. కర్మకి మందు లేదు. దీనికుంది."

"అది సరే," అన్నాడు టైర్లవాడు. "చేతికి తొడుగేసుకుంటే నట్టు పట్టు తెలుస్తుందా? మొద్దుబారిపోమూ?"

"ఇప్పుడేం తెలుస్తోందిరా నీకు?" అన్నాడు బావ. "గుడ్డవి కాదు. గుడ్డవి నూనె తాగి చేతికే పట్టిస్తాయి. పల్చటి రబ్బరువి. చిరిగితే పారేసి కొత్తవి వేసుకోవాలి. గిర్రున తిరిగే మిషను దగ్గర తీసెయ్యాలి, లేకపోతే వేలు లాగేస్తుంది. డాక్టరమ్మ అన్నీ చెప్పింది."

"పని పోతే?" అన్నాడు గుంపులోంచి ఒకడు.

"చెయ్యి పోతే?" అన్నాడు బావ.

ఒక్కొక్కళ్లూ చేతులు ముందుకి చాపి మోకాళ్ల మీద పెట్టుకున్నారు. అంతకాలం జేబుల్లో, గుడ్డల్లో, చంకల కింద దాచుకున్న చేతులు. ఒకే వీధి, ఒకే మురుగు, ఒకే పుండు. ఎవరికి వాళ్లు తమ రోగం అనుకున్నది అందరి చేతుల మీదా ఉంది. షెడ్డు ఇంత చెడ్డదని అప్పుడుగాని తెలియలేదు.

*

మధ్యాహ్నం దాటేసరికి ఓనరు ఇన్‌స్పెక్టర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనక జీపులో కానిస్టేబుళ్లు. వీధిలోని ఓనర్లంతా ఓ పక్కన, నీడలో.

"వీడే సార్," అన్నాడు ఓనరు వేలు చూపించి.

"ఎక్కించండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఒక కానిస్టేబులు వచ్చి బావ చెయ్యి పట్టుకున్నాడు. పగులు విచ్చుకుంది. రసి కానిస్టేబులు వేళ్లకి అంటింది. "ఛీ!" అని విదిల్చి, పాంటుకి తుడుచుకున్నాడు.

"ఛీ అన్నావు కదా బాబూ?" అంది డీజిల్ అక్క. "మేం దీంతోనే తింటున్నాం. ఇదిగో, నాదీ పట్టుకో." రెండు చేతులూ ఆయన మొహం ముందు పెట్టింది. తాత తన పొలుసుల చేతులు పెట్టాడు. టైర్లవాడు పెట్టాడు. క్షణంలో కానిస్టేబులు చుట్టూ పుళ్లు పడ్డ చేతులే. నల్లటివి, ఎర్రగా పొక్కినవి, గోళ్లూడినవి. "పట్టుకోండి! మమ్మల్నీ పట్టుకోండి!" ఆయన వెనక్కి నడిచి నడిచి జీపుకి ఆనుకున్నాడు. చెయ్యి చేసుకోవడానికి వచ్చినవాళ్లకి చెయ్యి పెట్టే చోటే దొరకలేదు.

ఇన్‌స్పెక్టరు గొంతు పెంచాడు. "అసలు సమ్మె అన్న మాట ముందు ఎవడన్నాడు?"

"వీడే! పొద్దున చేతులెత్తి మరీ అరిచాడు. నా చెవులారా విన్నాను!" అన్నాడు ఓనరు.

బావ తెల్లబోయాడు. "నేనా? సమ్మె అన్నానా? నేనడిగింది సబ్బు సార్."

"ఏంటీ?"

"సబ్బు. చేతులు కడుక్కునేది. సబ్బే కావాలన్నాను."

ముందు టైర్లవాడు నవ్వాడు. తరవాత కానిస్టేబులు. తరవాత వీధంతా. అందరికంటే గట్టిగా, గుండెల మీద బరువు దిగినట్టు ఓనరు నవ్వాడు.

"ఓస్, సబ్బా! దానికా ఇంత గొడవ! ఒక సబ్బు ముక్క పడేస్తాను పదండి. నువ్వూ రా బావా, నీ పని నీకే ఉంది. నేనేదో తప్పుగా విన్నాను."

గుంపు సడలింది. ఒకరిద్దరు అన్నం క్యారియర్లు అందుకున్నారు. బావ కాలు కూడా గేటు వైపు లేచింది. పని వచ్చేసింది. ఇంటికెళ్లి చెప్పుకోవచ్చు. గేటులోంచి డ్రమ్ము కనబడింది. పైన తెట్టు, గోడకి వేలాడుతున్న గుడ్డ, ఆ గుడ్డ మీద ఈగలు. కాలు దించాడు.

టైర్ల గుట్ట ఎక్కాడు.

"అందరూ వినండి! పొద్దున నేనన్నది సబ్బు. ఆయన విన్నది సమ్మె. మీరంతా సమ్మె అనుకుని వచ్చారు. మా షెడ్డువాళ్లు, సబ్బడిగితే గెంటేశాడనుకుని వచ్చారు. జరిగింది ఇదీ. ఇన్నేళ్లుగా ఈ వీధిలో మనం సబ్బు, సబ్బు అంటూనే ఉన్నాం. ఆ అద్దాల గదిలోకి ఒక్కసారైనా వినబడిందా? సమ్మె అన్న మాట మాత్రం, మనం అనకపోయినా వినబడింది! కంప్రెసర్ మోతలో కూడా వినబడింది!"

నవ్వు ఆగిపోయింది. క్యారియర్లు కిందకి దిగాయి.

"ఒక సబ్బు ముక్క నాకొద్దు. ఆ డ్రమ్ము పోవాలి. ఇంజను ముక్కలు కడగడానికి అక్కకి బ్రష్షు, తొడుగులు రావాలి. ప్రతి షెడ్డులో కుళాయి, సబ్బు, క్రీము, ఉతికిన బట్టలు కావాలి. చేతులు పాడైనవాణ్ని గెంటెయ్యకూడదు. పొద్దున నేను సమ్మె అనలేదు సార్, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడంటున్నాను!"

గుంపు చివర, వీధి మలుపులో నిలబడ్డవాళ్లకి సరిగ్గా అందలేదు. అక్కణ్నించి ఎవరో అరిచారు: "ఏమంటున్నాడూ? సబ్బా? సమ్మా?"

డీజిల్ అక్క అటు తిరిగింది. రసి కారుతున్న పిడికిలి ఎత్తింది.

"రెండూను! సబ్బొచ్చేదాకా సమ్మె!"

ఈసారి వీధిలో ఎవ్వరూ తప్పుగా వినలేదు.