ఏ పొయ్యి కింద రాయాలి

కరెంటువాళ్ళకు ఇల్లంటే మీటరు. మున్సిపాలిటీకి ఇంటి నంబరు. రేషనువాళ్ళకు కార్డు. ఒకరి వివరాలు ఇంకొకరి కంప్యూటరుకు అర్థం కావు. రెండువేల ఆరులో వాటిని కలపడానికి వచ్చిన ఇంజినీరు నీహారిక, "ఎవరి పద్ధతి వాళ్ళకే ఉండనిద్దాం. ఏ మాటకు ఏమిటర్థమో మధ్యలో ఉమ్మడిగా రాసుకుందాం. మూడూ దానికి ముడిపడితే చాలు," అంది.

కుటుంబమంటే ఏమిటి? దాని దగ్గరే మూడు శాఖలవాళ్ళ సమావేశం ఆగిపోయింది. చివరికి మున్సిపాలిటీ గుమాస్తా ఆదిశేషయ్య నోరు విప్పాడు.

"ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళు. ఇంట్లో పొయ్యి లేనివాణ్ణి తినేచోట చేర్చండి. ఒక మనిషికి ఒక పొయ్యే."

అదే ఖాయం చేశారు. ముందు ఉప్పుగూడలోనూ మలక్‌పేటలోనూ ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చారు.

ఆదిశేషయ్య ఇంట్లో పొయ్యి లేదు. భార్య నాగమణి పోయాక ఎవరికో ఇచ్చేశాడు. తినేది ఉప్పుగూడ స్టేషను పక్కన రాజమణి మెస్సులో. వచ్చినవాళ్ళకు ఆ మాటే చెప్పాడు.

"ఏంది సార్ గిది?" మర్నాడు రాజమణి అడిగింది. "నా దగ్గర తినేటోళ్ళందరు నా కుటుంబమేనంట. గింతమందిని చూస్తే మా ఆయన ఇల్లిడిసి పోతడు."

"ఇంకో గరిటె పప్పెయ్యమ్మా," అన్నాడు హమాలీ బాలనర్సింహ. "కొడుకునైతి గద."

బెంచీలన్నీ నవ్వాయి. ఆదిశేషయ్య తలెత్తకుండా తిన్నాడు.

ఆ వారమే నీహారిక అతన్ని కంప్యూటరు దగ్గరికి పిలిచింది.

"సార్, మీరు రెండు పొయ్యిల కింద వస్తున్నారు. ఒకటి మెస్సు. రెండోది మలక్‌పేటలో లక్ష్మీకాంత్ గారిల్లు. మీ అబ్బాయేనా?"

"అవును."

"అక్కడ తింటారా?"

"లేదు."

"ప్రతి ఆదివారం మావయ్యగారికీ కలిపి వండుతామని మీ కోడలు చెప్పారట."

నాగమణి ఆఖరి నెల ఆ ఇంట్లోనే గడిచింది. ఒక సాయంత్రం జావ అడిగింది. పగలంతా ఆసుపత్రి చుట్టూ తిరిగొచ్చిన కోడలు బిందుమాధవి, పెడతానత్తయ్యా అని గోడకు చేరగిలబడి నిద్రపోయింది. నాగమణి తెల్లవారేదాకా ఆకలితో పడుకుంది. ఆ సంగతి తెలిసింది మొదలు ఆదిశేషయ్య ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. కర్మ కాగానే ఉప్పుగూడ వచ్చేశాడు. తర్వాత కొడుకు వస్తే తలుపు తీయలేదు.

"రెండుచోట్లా ఉండేలా నియమం మార్చేస్తాను," అంది నీహారిక. "పెద్ద పనేం కాదు."

"నియమం మార్చొద్దు. మలక్‌పేటది తీసెయ్."

"ఆదివారం మెస్సు తీస్తారా సార్?"

"తీసెయ్యమన్నాను."

ఆమె తీసేసింది.

ఆదివారం రాజమణి మెస్సుకు తాళం. ఆదిశేషయ్య స్టేషను ముందు బండి మీద అరటిపళ్ళు కొని ఇంటికొచ్చాడు. వంటింటి గట్టు దగ్గర నిలబడి తిన్నాడు. పొయ్యి ఉన్నచోట దాని కాళ్ళ మరకలు ఇంకా పోలేదు. తొక్కలు వాటి మధ్యన పెట్టి, కుళాయి తిప్పి చెయ్యి కడుక్కున్నాడు.

మలక్‌పేటలో ఈపాటికి వడ్డించి ఉంటారు.